మూకుడు లేని అంబలి కుండ

ఆ రోజుల్లో అంబలి తాగి బడికి వచ్చిన పిల్ల ఆ సంగతి ఎవరికీ చెప్పుకునేది కాదు. మూతి తుడుచుకుని, వీలైతే ఒక లవంగం నమిలి, పొద్దున్న ఇడ్లీ తిన్నట్టే మొహం పెట్టుకుని వచ్చేది. ఇప్పుడు మా విశాఖ బీచ్ రోడ్డులో తెల్లారేసరికి అంబలి తోపుడుబళ్ల ముందు వరసలు కడుతున్నారు. ఖరీదైన బూట్లు వేసుకుని, అడుగులు లెక్కపెట్టే గడియారాలు పెట్టుకున్న పెద్దమనుషులు ఉల్లిపాయ ముక్క కొరుక్కుంటూ గ్లాసు తరవాత గ్లాసు తాగి, ఆ గ్లాసుతో ఫోటో కూడా దిగుతున్నారు. ఆ వరసలో నేనూ ఉంటాను (డాక్టరుగారు నా షుగరు రిపోర్టు చూసి, కళ్లజోడు తీసి, తుడుచుకుని మళ్లీ చూశారు. ఆ రోజు నుంచి). ఆ పులిసిన వాసన ముక్కుకి తగిలిందంటే చాలు, యాభై దాటిన డ్రాయింగు టీచరునన్న సంగతి మరిచిపోతాను. కాగితపు కుండలో దూరి కబడ్డీ మైదానం చుట్టూ గెంతుతున్న తొమ్మిదో తరగతి పిల్లనైపోతాను. ఆ పిల్ల మీద నాకు కోపమూ ఉంది, బెంగా ఉంది. రెంటిలో బెంగే ఎక్కువ.

మాది గోదావరి వైపు. నాన్నకి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే ఇక్కడికొచ్చి, టౌన్‌షిప్పులో క్వార్టరు తీసుకుని, అక్కడే ఒక బడిలో నన్ను చేర్పించారు. బళ్లో సగం మంది మాలాగే కృష్ణా, గోదావరి నుంచి వచ్చినవాళ్లు. మిగతా సగం ఈ ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చినవాళ్లు. ఈ సగం మాట్లాడితే ఆ సగం నవ్వేది, ఆ సగం మాట్లాడితే ఈ సగం నవ్వేది. మా అమ్మాయిల కబడ్డీ జట్టు కెప్టెన్ ఎలమంచిలి దగ్గర పల్లెటూరి పిల్ల. బళ్లో టీచర్లు కూడా కెప్టెన్ అనే పిలిచేవారు కాబట్టి ఇక్కడా అదే పేరు. నన్ను మాత్రం తను గోదారీ అని పిలిచేది. వాళ్ల నాన్నకి కూడా ఫ్యాక్టరీలోనే పని. వాళ్ల మామ్మ, అంటే నాయనమ్మ, ఊళ్లో పొలం వదిలి వస్తూ వస్తూ తన అంబలి కుండని ఒళ్లో పెట్టుకుని రైలెక్కిందట. రోజూ సాయంత్రం చోడిపిండి, అంటే రాగిపిండి, కాచి, కుండలో పోసి, పైన మట్టి మూకుడు మూసి పెట్టేది. తెల్లారేసరికి అది చక్కగా పులిసేది. కెప్టెన్ రెండు గ్లాసులు తాగి వచ్చి కూతకి వెళ్లిందంటే అవతలి జట్టు కోర్టు అంతా తిరిగి, ఇద్దరిని ముట్టుకుని, గీత దాటి ఇవతలికి వచ్చాక కూడా ఇంకో నాలుగుసార్లు కబడ్డీ అనేది, ఊపిరి మిగిలిపోయిందని.

ఆ జట్టులో నేనూ ఉన్నాను. అంటే పన్నెండో మనిషిగా ఉన్నాను. ఎవరికైనా దెబ్బ తగిలితే నన్ను దింపాలి, కానీ నన్ను దింపాల్సి వస్తుందన్న భయంతోనే కాబోలు ఎవరూ దెబ్బలు తగిలించుకునేవారు కాదు. నాకు వచ్చినవి రెండే విద్యలు. బొమ్మలు వెయ్యడం ఒకటి, నలుగురినీ నవ్వించే మాట అనడం రెండోది. ఆ రెండో విద్య గురించే ఇదంతా.

ఆ ఏడు ఊళ్లో బడులన్నిటికీ కలిపి పోటీలు పెట్టారు. ప్రతి జట్టుకీ ఒక పేరుండాలన్నారు. మిగతా బళ్లవాళ్లు టైగర్స్ అని, ఈగిల్స్ అని, మెరుపులు అని అప్పటికే రాసి పంపించేశారు. మా డ్రిల్లు మాస్టారు ఫారం తొడ మీద పెట్టుకుని, పెన్ను విదిలిస్తూ, "బేగి సెప్పండమ్మా, ఏటెట్టమంటారు? నాకు బస్సుంది" అన్నారు. ఒకర్తి సింహం అంది. ఇంకొకర్తి పాము అంటే అందరూ అరిచారు. అప్పుడు నేను, కెప్టెన్ మంచినీళ్ల సీసా పక్కన దాచుకున్న స్టీలు అంబలి గిన్నె వంక చూసి, "మనకి పులులూ సింహాలూ ఎందుకండీ, మన బలం అంతా ఆ గిన్నెలోదే కదా. అంబలి బ్యాచ్ అని రాసెయ్యండి" అన్నాను. జట్టు జట్టంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. అందరికంటే గట్టిగా కెప్టెన్ నవ్వింది (ఈ వాక్యాన్ని ముప్ఫై ఏళ్లకు పైగా సాక్ష్యంలా దాచుకున్నాను. ఎవరు అడిగినా, అడక్కపోయినా, అందరికంటే గట్టిగా తనే నవ్వింది కదా అనేదాన్ని). మాస్టారు బస్సు తొందరలో అదే రాసి సంతకం పెట్టేశారు.

మాస్టారు ఎక్కడో టీవీలో చూశారట, పై దేశాల్లో ఆటల జట్లకి ఒక బొమ్మ వేషం కూడా ఉంటుందని. "పేరుకి తగ్గ బొమ్ముండాల. నువ్వు ఎలాగూ కూకునే ఉంటన్నావు కదా" అని ఆ పని నాకు అప్పజెప్పారు. నాన్నని పూర్ణా మార్కెట్టుకి లాక్కెళ్లి, అక్కడున్నవాటిలో పెద్ద కుండ కొనిపించాను. దాని మీద మైదా పిండి జిగురుతో పాత పేపర్లు పొర మీద పొర అంటించి, డాబా మీద నాలుగు రోజులు ఎండబెట్టి, లోపలి కుండని కర్రతో పగలగొట్టాను. మా అమ్మ ఆ చప్పుడుకి పరిగెత్తుకొచ్చి, "ఏవిటే ఇది, బంగారంలాంటి కుండని పగలగొట్టి ఈ పేపరు కుండని ఉంచుకున్నావా? దీంట్లో నీళ్లెలా పోస్తామండీ?" అని నాన్న వైపు తిరిగి అడిగింది. నాన్న పేపరు చదువుకుంటున్నట్టు నటించారు (ఆ పేపరు సగం అప్పటికే కుండకి అంటుకుని ఉంది). అడుగు కోసేసి పైనుంచి తొడుక్కుంటే కుండ నా నడుం దాకా వచ్చింది. చేతులకి పక్కన రెండు కన్నాలు, చూడ్డానికి ముందు రెండు. మొహం గీసేటప్పుడు నా తెలివి ఊరుకోలేదు. మెల్లకళ్లు పెట్టాను, బయటికి పొడుచుకొచ్చిన పళ్లు పెట్టాను, మూతి పక్కనుంచి అంబలి కారుతున్నట్టు కూడా వేశాను. బళ్లో అందరూ అదిరిపోయిందన్నారు. కెప్టెన్ ఒక్క నిమిషం చూసి, "బాగుందే గోదారీ" అని బూటు లేసు కట్టుకుంది.

మొదటి రెండు ఆటలూ గెలిచాం. నేను గీత బయట గెంతుతుంటే పిల్లలు వెంటపడి "అంబలీ, అంబలీ" అని కేకలు వేసేవారు. ఇది ఇళ్లకి చేరింది. వారం తిరక్కుండా మా పెద్ద మేడమ్‌గారు, అంటే హెడ్‌మిస్ట్రెస్‌గారు, తల్లిదండ్రుల మీటింగు పెట్టి, మా జట్టునీ కూచోబెట్టాల్సి వచ్చింది. ఒకావిడ లేచి, బీదవాళ్ల తిండిని వెక్కిరించడం సంస్కారం కాదంది. అంబలి బీదవాళ్ల తిండని మీకెవరు చెప్పారని వెనకనుంచి ఇంకొకాయన లేచాడు. "మా ఊర్లో నలభై ఎకరాలోడు తాగుతాడు. మా తిండికి ఎర్రి పళ్లెట్టి ఊరేగిత్తారా?" అన్నాడు. ఒక కృష్ణా జిల్లా తండ్రి, అంబలి మంచిదే, చలవ చేస్తుంది, అయితే మా అమ్మాయిని మాత్రం ఆ పేరుతో పిలవొద్దు అన్నాడు. డ్రిల్లు మాస్టారు చేతులు కట్టుకుని, "అయ్యా, టైగర్స్ అని ఎట్టుకున్నోలు పులులా? పేరులో ఏటుంది" అంటే ముందు వరస వాళ్లూ వెనక వరస వాళ్లూ ఒకేసారి ఆయన మీద పడ్డారు. ఆ మీటింగులో రెండు వైపులవాళ్లూ కలిసిన చోటు అదొక్కటే. గంటసేపు అందరూ కెప్టెన్ తరఫున మాట్లాడారు. కెప్టెన్ ఆఖరి బెంచీ మీద రెండు జడలూ ముందుకి వేసుకుని కూచుంది. తననెవరూ ఒక్క మాట అడగలేదు.

చివరికి పెద్ద మేడమ్‌గారు, "అసలీ పేరు పెట్టిందెవరు?" అన్నారు. ఇంట్లో నాన్న సంగతి సరే, మా అమ్మకి తెలిస్తే మళ్లీ బొమ్మలపెట్టె మొహం చూడనివ్వదు. లేవాలనే అనుకున్నాను. అనుకుంటూ ఉండగానే ఆఖరి బెంచీ నుంచి, "నానే ఎట్టినాను మేడమ్" అని వినిపించింది. హాలంతా వెనక్కి తిరిగింది. ఆ పిల్లే పెట్టుకుంటే ఇంక మనదేముంది అని కొందరు గొణిగారు. నేను తల దించుకుని బల్ల మీద గీత గీస్తూ కూచున్నాను. లేవలేదు. తరవాత కూడా లేవలేదు.

పెద్ద మేడమ్‌గారు అందరికీ సరిపడేలా తీర్పు చెప్పారు. పేరు తీసెయ్యాలి. అయితే కుండ కష్టపడి చేశారు కాబట్టి ఉండొచ్చు, కానీ అది అంబలి కుండ కాదు, పూర్ణకుంభం. ఫైనల్ ఆట నాటికి నా కుండకి పసుపు పూశారు, బొట్లు పెట్టారు, చుట్టూ మామిడాకులు కట్టారు, మూతి మీద కొబ్బరికాయ నిలబెట్టారు. మైదానం పోర్టు వైపు ఉంది. నేను లోపలికి అడుగుపెట్టగానే అవతలి బడి తాలూకు ఒక ముసలాయన చెప్పులు విప్పి దండం పెట్టాడు. గెంతాలో, ఆశీర్వదించాలో తెలియక మధ్యస్తంగా ఊగాను. ఎండకి పసుపు కరిగి కారడం మొదలై, కిందనుంచి నా పాత పళ్లు ఒకటొకటిగా బయటపడ్డాయి. రెండో గెంతుకి కొబ్బరికాయ దొర్లిపోయింది. దాన్ని అవతలి జట్టువాళ్లు తీసుకెళ్లి కొట్టుకుని తినేశారు. లోపల మైదా జిగురు పులిసి ఒకటే వాసన. అంబలిని నలుగురిలో నవ్వులపాలు చేసినదాన్ని, ఆ కంపులో నేనే మగ్గుతున్నాను.

సగం ఆట అయ్యేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. విరామానికి విజిలు వేశారు. అప్పుడు జనం మధ్యలోంచి మామ్మ వచ్చింది. కాళ్లకి చెప్పుల్లేవు, ముతక నేత చీర, చంకలో పెద్ద స్టీలు క్యాను, చేతిలో గ్లాసు. మనవరాలి బళ్లో అంబలికి కుండ చేసి గౌరవించారని ఎవరో చెబితే, మీటింగు సంగతి తెలియక, జట్టంతటికీ సరిపడా అంబలి పట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. నేరుగా గీత దగ్గరికి వచ్చి, "అమ్మడూ, రాయే. తాగీసి ఎల్లు" అని గ్లాసు నింపి చాచింది. అవతలి జట్టులో ఒకర్తి ముక్కు మూసుకుంది. ఇంకొకర్తి "అంబలి బ్యాచ్ వచ్చేసిందర్రా" అని అరిచింది. నవ్వులు మొదలయ్యాయి. రిఫరీ వచ్చి, బయటివాళ్లు లోపలికి రాకూడదమ్మా అని, కెప్టెన్ వైపు తిరిగి, "ఎవరీవిడ, మీ మనిషా?" అని అడిగారు.

కెప్టెన్ మామ్మ వంక చూడలేదు. మైదానం అవతల ఓడల క్రేన్లు ఉన్నాయి, వాటి వంక చూస్తూ, "నాకు తెల్దు సర్" అంది.

మామ్మ చెయ్యి అలాగే చాచి ఉంది. రిఫరీతో, "అవును బాబూ, నాను ఎవులికీ ఏటీ కాను. పిల్లలు ఎండలో ఆడతన్నారని తెచ్చినాను" అంది. అది కుండ కన్నాల్లోంచి చూశాను, విన్నాను. అందరికంటే గట్టిగా నవ్విన పిల్ల నవ్వు ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. లోపల వేడికి చెమటా కన్నీళ్లూ కలిసిపోయి ఏది ఏదో నాకే తెలియలేదు.

మీటింగులో లేవలేని కాళ్లు అప్పుడు లేచాయి. ఊగుతూ గీత దాకా వెళ్లి, "నాకివ్వు మామ్మా" అని గ్లాసు తీసుకున్నాను. తీసుకున్నాక కదా తెలిసింది, నా నోరు కుండ లోపల ఉందని. గ్లాసుని పళ్ల బొమ్మకి ఆనించాను, కన్నానికి ఆనించాను, పోలేదు. మామ్మ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, "నోరు తెరువు" అని, మునివేళ్ల మీద లేచి, కుండ మూతిలోంచి పోసేసింది. చల్లటి అంబలి నడినెత్తి మీద పడి, కళ్ల మీదుగా, ముక్కు మీదుగా దిగి నోటికి చేరింది. అప్పటిదాకా నేను అంబలి రుచి చూడలేదు. ఆ పేరు పెట్టినదాన్ని, ఆ బొమ్మ గీసినదాన్ని, ఒక్క చుక్క ఎరగను. పుల్లగా, కొంచెం ఉప్పగా, ఎండలో ప్రాణం లేచొచ్చేట్టుంది. ఇంకో గ్లాసు అడిగాను. మైదానం అంతా పడీ పడీ నవ్వుతోంది, కానీ ఇప్పుడు నవ్వేది నన్ను చూసి. మామ్మ కూడా నవ్వింది. కొంగుతో నా కుండ మొహం తుడుస్తూ, "బాగానే సేసినావు గానీ గుంటా, కళ్లెట్టినావు, పళ్లెట్టినావు, మూకుడెట్టలేదేటి? ఈగలు పడిపోవా?" అంది. క్యాను చంకనెత్తుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆ ఆట రెండు పాయింట్లతో ఓడిపోయాం. ఆఖరి కూతకి వెళ్లిన కెప్టెన్‌కి గీత అడుగు దూరంలో ఉండగా ఊపిరి అందలేదు. ఆ తరవాత తను నాతో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. నేను ఎదురొస్తే పక్క వరండాలోంచి వెళ్లేది. మరుసటి ఏడాది సెక్షన్లు వేరయ్యాయి, ఆ మీదట కాలేజీలు వేరయ్యాయి. మామ్మ పోయిందని చాలాకాలానికి ఎవరి ద్వారానో తెలిసింది. నేను డ్రాయింగు టీచరునయ్యాను. మా బళ్లో ఆటల జట్లకి జంతువుల పేర్లొద్దు, తిండి పేర్లొద్దు, ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ అని పెట్టండి చాలు అని నేనే చెప్పాను (ఎన్నికల ఏడాదిలో ఆ రంగుల మీద కూడా తగువులొచ్చాయి, అది వేరే సంగతి).

ఇదంతా ఇప్పుడెందుకంటే, పాత విద్యార్థులందరం కలుసుకుందామని ఈ మధ్య వాట్సాప్ గ్రూపు పెట్టారు. టీషర్టుల మీద అంబలి బ్యాచ్ అని రాసి, ఆ పాత కుండ బొమ్మ వేయించాలని ఒకాయన అన్నాడు. ఇప్పుడు అంబలి ఫ్యాషన్ కదా అన్నాడు. ఒకావిడ, కాలేజీలో చదువుతున్న తన కూతురు ఆ బొమ్మ గురించి విని, తిండిని బట్టి మనుషుల్ని వెక్కిరించడం ఏమిటని తనని కడిగేసిందని రాసింది. ఇంకొకాయన ఈ రోజుల్లో జోకు వెయ్యడానికే లేదన్నాడు. పాత మీటింగే మళ్లీ మొదలైంది, ఈసారి బొటనవేళ్లతో. అందరూ కెప్టెన్ తరఫున మాట్లాడుతున్నారు. గ్రూపులో కెప్టెన్ ఉంది. చేరిన రోజు నుంచి ఒక్క మాట రాయలేదు. చివరికి, బొమ్మ గీసేది మీరే కాబట్టి మీరే తేల్చండి టీచరుగారూ అని నా మీదకి తోశారు.

తేల్చడం నా పని కాదని నాకు తెలుసు. అడ్రసు కనుక్కుని ఒక ఆదివారం పెందుర్తి వెళ్లాను. తలుపు తీసింది తనే. జుట్టు తెల్లబడింది, భుజాలు మాత్రం కూతకి వెళ్లేటట్టే ఉన్నాయి (ఆ భుజాల పుణ్యమా అని ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చిందట). కాసేపు చూసి, "ఏటే గోదారీ, ఇప్పుడు తెలిసిందేటి దారి?" అంది. దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "ఆ పేరు పెట్టింది నేను, మీటింగులో లేవలేదు. నీకు కష్టం కలిగిందా అని అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగడానికొచ్చాను" అని గడప బయటే చెప్పేశాను.

లోపల కూచోబెట్టింది. చీర అంచు సరిచేసుకుంది. "కష్టం అంటే, కలిగింది. నవ్వక ఏటి సేత్తాను, అందరూ నవ్వుతన్నారు కదా" అంది. "అయితే నీ మీద కోపం అందుకు కాదే. నాను మా మామ్మని తెల్దన్నాను. ఆ గలాసు నాది. నాను తాగాల్సింది నువ్వు తాగీసినావు. నీ మొహం సూసినప్పుడల్లా అదే గుర్తొచ్చీది. అందుకే సూడ్డం మానీసినాను." మామ్మ ఇంటికెళ్లాక ఏమైనా అందా అని అడిగాను. "ఏటీ అన్నేదు. తెల్లారి ఎప్పట్లాగే గలాసు నింపి ఎట్టింది. నాను ఏడుసుకుంటా తాగినాను. ఎండలో ఓడిపోనావని ఏడుత్తన్నావా అని వీపు రాసింది." తను నవ్వింది. ఈసారి గట్టిగా కాదు. నేను మాత్రం ఏడ్చాను, సిగ్గులేకుండా.

వంటింట్లోంచి రెండు గ్లాసులు తెచ్చింది. ఏమిటో వాసన చెప్పేసింది. ఒకటి నాకిచ్చి, తనది ముందు ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగి కింద పెట్టింది. వెళ్లేటప్పుడు గడప దగ్గర, "బొమ్మ మానెయ్యమంటావా?" అని అడిగాను. "గియ్యి. మా మామ్మ ఆ కుండని సూసి సంతోసపడింది. ఆ పళ్లు మాత్రం తీసీ. మెల్లకళ్లు కూడా" అంది.

ఆ వారమంతా కూచుని గీశాను. మొహం లేదు, కారడం లేదు, పసుపూ కొబ్బరికాయా లేవు. ఉత్త అంబలి కుండ, పైన మట్టి మూకుడు. గ్రూపులో పెట్టగానే టీషర్టుల ఆయన, "పాత పళ్ల కుండే సరదాగా ఉండేది. పోనీ, ఆ మూత ఎందుకండీ టీచరుగారూ, చూపు దానిమీదికే పోతోంది" అని రాశాడు. నేను ఏం జవాబు రాయాలా అని ఆలోచిస్తుండగా, అన్నాళ్లూ పలకని కెప్టెన్ పేరు కింద మొదటిసారి అక్షరాలు వచ్చాయి: "ఈగలు పడకుండా." అప్పుడు నేను ఏడో తరగతి పిల్లలకి కుండకి నీడ వెయ్యడం ఎలాగో చెబుతున్నాను. పాఠం ఆపి పిల్లలందరి ముందూ నాలో నేను నవ్వుకున్నాను. టీచరుకి ఏమైందని వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటుంటే, కళ్లజోడు తీసి తుడుచుకుని, ముందు మూకుడు గియ్యండర్రా అన్నాను.